ఫోన్‌లో గాలి 9 కిలోమీటర్లే.. మరి చెరువు మధ్యలో ఎంత? కయాక్, బోటు ఎక్కే ముందు చూడాల్సిన అంకెలు

ఆదివారం ఉదయం హైదరాబాద్ నుంచి వికారాబాద్ దాటి కోట్‌పల్లి ప్రాజెక్టుకు కయాకింగ్‌కు బయల్దేరారు. దారిలో టీ కోసం ఆగి ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిచారు. గాలి గంటకు 9 కిలోమీటర్లు అని ఉంది. వాతావరణ శాఖ నుంచి అలర్ట్ ఏదీ లేదు. ఇంకేం, భయం లేదనుకున్నారు.

తీరా అక్కడికి వెళ్లి ఒడ్డు నుంచి అరకిలోమీటరు లోపలికి వెళ్లేసరికి పడవ ముందుకు కదలడం లేదు. తెడ్డు ఎంత వేసినా పక్కకే కొట్టుకుపోతోంది. యాప్ అబద్ధం చెప్పిందా?

చెప్పలేదు. అది చెప్పింది ఒకటి, మీరు అర్థం చేసుకున్నది ఇంకొకటి. గాలి గురించి ఫోన్‌లో కనిపించే అంకెల్లో కొన్ని కొలిచినవి, కొన్ని లెక్కగట్టినవి. కొన్ని సగటులు, కొన్ని గరిష్ఠాలు. ఈ తేడా తెలిస్తే ఆ యాప్‌లే చాలా పనికొస్తాయి. తెలియకపోతే లేని ధైర్యాన్ని ఇస్తాయి.

‘లైవ్’ అని కనిపించేవన్నీ కొలిచినవేనా?

కాదు. చాలా యాప్‌లలో ‘ఇప్పుడు’ అని కనిపించే గాలి వేగాన్ని ఎవరూ అక్కడ నిలబడి కొలవలేదు. అది కంప్యూటర్ మోడల్ కొన్ని గంటల కిందట వేసిన అంచనా. ఆ అంచనాలో ఈ గంటకు సంబంధించిన అంకెను తీసి మీకు చూపిస్తారు.

మోడళ్లు భూమిని గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తాయి. యూరప్ వాతావరణ కేంద్రం మోడల్‌లో ఒక్కో గడి సుమారు 9 కిలోమీటర్లు. 2025 మేలో మన దేశం ప్రారంభించిన ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’లో 6 కిలోమీటర్లు. హుస్సేన్‌సాగర్ ఈ కొస నుంచి ఆ కొసకు మూడు కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. అంటే సాగర్ మొత్తం, చుట్టూ ఉన్న ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు, భవనాలు అన్నీ కలిపి ఒకే గడిలో పడిపోతాయి. ఆ గడికంతటికీ వచ్చే అంకె ఒక్కటే. భవనాల సందులోంచి దూసుకొచ్చే గాలి, గట్టు చాటున ఆగిపోయే గాలి అందులో కనిపించవు.

పైగా నేల మీద చెట్లు, ఇళ్లు గాలిని అడ్డుకుంటాయి. విశాలమైన నీళ్ల మీద ఆ అడ్డు ఉండదు. అందుకే ఊళ్లో ఆకు కదలకపోయినా రిజర్వాయర్ నడిమధ్యన గాలి గట్టిగానే ఉండొచ్చు.

అలాగని మోడల్ పనికిరానిది కాదు. ఎల్లుండి వెళ్లాలా వద్దా, పొద్దున వెళ్లాలా సాయంత్రమా అని తేల్చుకోవడానికి అదే ఆధారం. కానీ పడవలో కాలు పెట్టే నిమిషానికి కావాల్సింది కొలిచిన అంకె.

కొలిచిన గాలి ఎక్కడ దొరుకుతుంది?

మన డబ్బుతో నడిచే ప్రజా సేవల్లోనే దొరుకుతుంది. ఉచితంగానే. అయితే ఒక్కచోట ఉండదు.

మొదటిది విమానాశ్రయాలు. విమానాలు దిగాలంటే గాలి కచ్చితంగా తెలియాలి కాబట్టి అక్కడ కొలిచి, సాధారణంగా అరగంటకోసారి ‘మెటార్’ అనే చిన్న నివేదిక ఇస్తారు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలోనే బేగంపేట విమానాశ్రయం ఉంది. సాగర్‌లో తెరచాప ఎత్తేవారికి దానికంటే దగ్గరి కొలత దొరకడం కష్టం.

మెటార్ చదవడం కష్టమేమీ కాదు. అందులో ‘24012కేటీ’ అని ఉంటే మొదటి మూడు అంకెలు దిక్కు. ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కిస్తే 240 డిగ్రీలంటే దాదాపు నైరుతి. తర్వాతి రెండంకెలు వేగం, 12 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు కాబట్టి, సుమారు 22 కిలోమీటర్ల గాలి. మధ్యలో ‘జీ24’ అని కనిపిస్తే గాలి మధ్యమధ్యలో 24 నాట్లకు, అంటే 44 కిలోమీటర్లకు ఎగబాకుతోందని అర్థం.

సమయం దగ్గర పొరపడేవాళ్లు ఎక్కువ. ‘150630జడ్’ అంటే 15వ తేదీ ఉదయం ఆరున్నర కాదు. అది యూటీసీ అనే ప్రపంచ సమయం. దానికి ఐదున్నర గంటలు కలపాలి. అంటే మన మధ్యాహ్నం 12 గంటల రీడింగ్.

రెండోది ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు. వాతావరణ శాఖవి కాక, తెలంగాణలో రాష్ట్ర ప్రణాళికా విభాగం కింద పనిచేసే డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి మండలాల్లో వెయ్యికి పైగా ఇలాంటి కేంద్రాలున్నాయి. కోట్‌పల్లి, లక్నవరం లాంటి చోట్లకు వెళ్లేవారికి దగ్గర్లో విమానాశ్రయం ఉండదు కాబట్టి ఇవే దిక్కు. రీడింగ్ ఏ ఊరిది, ఏ సమయానిది అన్నది మాత్రం చూసుకోవాలి.

మూడోది రాడార్. హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి. వాటి చిత్రాలు శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. వరుసగా రెండు మూడు చిత్రాలు చూస్తే ఉరుముల మేఘం ఎటు కదులుతోందో తెలిసిపోతుంది.

‘విండీ’ లాంటి ప్రైవేటు యాప్‌లలో పటం మీద అందంగా కదిలే గీతలు మోడల్ లెక్కలు. అదే యాప్‌లో ‘రిపోర్టెడ్ విండ్’ అనేదాన్ని ఎంచుకుంటే విమానాశ్రయాలు, వాతావరణ కేంద్రాలు నిజంగా కొలిచిన అంకెలు కనిపిస్తాయి. రెండింటినీ పక్కపక్కన చూడటం అలవాటు చేసుకోండి. మోడల్ 10 అంటుంటే దగ్గర్లోని కేంద్రం 18 చూపిస్తోందంటే, ఆ రోజు మోడల్‌ను నమ్ముకోకూడదని లెక్క.

ఇంకో చిన్న విషయం, కొలమానం. గాలి 15 అన్నప్పుడు 15 ఏమిటి? కిలోమీటర్లయితే ఫర్వాలేదు. నాట్లయితే 28 కిలోమీటర్లు. సెకనుకు మీటర్లయితే ఏకంగా 54 కిలోమీటర్లు. యాప్ సెట్టింగ్స్‌లో ఒకసారి చూసి, ఒకే కొలమానానికి కట్టుబడి ఉండండి.

అలర్ట్ లేదంటే భయం లేనట్టేనా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వాతావరణ శాఖ హెచ్చరికల్లో మామూలుగా వినిపించే అంకెలు గుర్తు చేసుకోండి. ‘ఉరుములు, మెరుపులతో పాటు గంటకు 30-40 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’. మత్స్యకారులకైతే ‘45-55 కిలోమీటర్లు, ఒక్కోసారి 65’. చెట్లు కూలడం, పంటలు ఒరగడం, కరెంటు తీగలు తెగడం, వేటకు వెళ్లిన మరపడవలకు ముప్పు. ఆ హెచ్చరికలు వీటిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చేవి. ఆ పనికి అవి సరైనవే.

కానీ ప్లాస్టిక్ కయాక్‌లో మొదటిసారి కూర్చున్న మనిషికి 20 కిలోమీటర్ల గాలే ఎక్కువ. నిలబడి తెడ్డు వేసే ప్యాడిల్ బోర్డు మీద అయితే అంతకంటే తక్కువకే తడబడతారు. 20 కిలోమీటర్ల గాలికి ఏ శాఖా అలర్ట్ ఇవ్వదు, ఇవ్వాల్సిన పనీ లేదు. అంటే అలర్ట్ లేకపోవడానికీ మీ పడవ భద్రంగా ఉండటానికీ మధ్య పెద్ద ఖాళీ ఉంది. ఆ ఖాళీని పూడ్చేది లైవ్ రీడింగే.

అధికారిక ప్రమాణం కాకపోయినా, నీటి క్రీడల్లో అనుభవం ఉన్నవారు పాటించే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది.

- గంటకు 12 కిలోమీటర్ల లోపు: కొత్తవారు కయాక్, ప్యాడిల్ బోర్డుకు వెళ్లొచ్చు.
- 12 నుంచి 20: ఒడ్డుకు దగ్గర్లోనే, తోడుతో. పిల్లలతో అయితే వద్దు.
- 20 దాటితే: కొత్తవారు నీళ్లలోకి దిగకూడదు.
- తెరచాప పడవ నేర్చుకునేవారికి: 10 నుంచి 18 వరకు అనువు. చేయి తిరిగినవారు 28 వరకూ ఇష్టపడతారు.

ఒక ఆట ఆడేవారికి పండగలా ఉండే గాలి ఇంకో ఆటకు ప్రమాదం. హైదరాబాద్ సెయిలింగ్ పోటీలు జులై, ఆగస్టు నెలల్లో జరగడానికి కారణం ఆ రోజుల్లో నిలకడగా వీచే రుతుపవనాల గాలే. అదే గాలిలో కుటుంబంతో కయాకింగ్ అంటే ఇబ్బందే.

సగటును కాదు, గాలి విసురును చూడాలి

గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 10 నుంచి 30కి పెరిగితే తొమ్మిదింతలు. అందుకే 10కి, 20కి తేడా పదే కదా అనుకోవడం తప్పు.

నివేదికల్లో కనిపించేది సాధారణంగా కొన్ని నిమిషాల సగటు. విమానాశ్రయ నివేదికల్లో అయితే 10 నిమిషాల సగటు. పడవను తిరగేసేది సగటు కాదు. కొద్ది సెకన్ల పాటు ఒక్క ఊపున వచ్చే విసురు. యాప్‌లలో ‘గస్ట్’ అని కనిపించేది అదే. సగటు 12, గస్ట్ 15 ఉంటే గాలి నిలకడగా ఉందని అర్థం. సగటు 12, గస్ట్ 28 ఉంటే ఆ రోజు సగటును పక్కన పెట్టి 28నే లెక్కలోకి తీసుకోవాలి.

మంటూరు చెప్పిన పాఠం

2018 మే 15. గోదావరిలో కొండమొదలు నుంచి రాజమహేంద్రవరం వైపు వస్తున్న లాంచీ సాయంత్రం వేళ దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానలో చిక్కుకుని మునిగిపోయింది. అందులో ఉన్నది విహారయాత్రికులు కాదు. పని మీద వెళ్లి ఇళ్లకు మళ్లుతున్నవాళ్లు, ఎక్కువగా ఏజెన్సీ గ్రామాల గిరిజనులు. వాన లోపలికి కొట్టకుండా తలుపులు, కిటికీలు మూయడంతో చాలామంది బయటపడలేకపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి.

తేదీ, వేళ రెండూ గమనించండి. మే నెల, సాయంత్రం. మన దగ్గర వేసవి గాలివానలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. పగలంతా నేల కాగుతుంది. మధ్యాహ్నం దాటాక మేఘాలు నిలువుగా పైకి పెరుగుతాయి. వాన మొదలయ్యాక మేఘంలోని చల్లగాలి దబ్బున కిందికి పడి, నేలను తాకి నలువైపులా పరుగెడుతుంది. వాన చినుకు కంటే ముందే మనల్ని తాకే ఆ చల్లటి గాలే ఈదురుగాలి. మేఘం ఇంకా పది కిలోమీటర్ల అవతల ఉండగానే అది మీ దగ్గరికి వచ్చేయగలదు. అప్పటిదాకా వీస్తున్న గాలి ఆగిపోవడం, తర్వాత దిక్కు మారడం, ఒక్కసారిగా చల్లబడటం దాని గుర్తులు.

ఇలాంటి గాలిని ముందురోజు మోడల్ గంట, చోటు చెప్పి పట్టించలేదు. దీనికి పనికొచ్చేవి మూడు. వాతావరణ శాఖ మూడు గంటల కోసం ఇచ్చే ‘నౌకాస్ట్’, రాడార్ చిత్రం, పిడుగుల సమాచారం ఇచ్చే ‘దామిని’ యాప్. పుణెలోని ఐఐటీఎం శాస్త్రవేత్తలు తయారు చేసిన ఈ యాప్ మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులను చూపిస్తుంది. ఉరుము వినపడితే ఇక లెక్కలు మాని ఒడ్డెక్కాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

గాలి ఒక్కటే అన్నీ చెప్పదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది. నదుల్లో అయితే గాలితో పాటు ప్రవాహం, ఎగువ నుంచి వదిలే నీరు చూడకుండా బోటెక్కకూడదు.

సముద్రం ప్రశాంతంగా ఉంటే మంచిదేనా?

విశాఖ రుషికొండలో కయాక్, ప్యాడిల్ బోర్డు తీసుకునేవారికి ఇది ముఖ్యం. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. సముద్రం ఆగ్నేయం వైపు. కాబట్టి పడమర, వాయవ్యం నుంచి వీచే గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వెళ్తుంది.

ఆ గాలి ఉన్నప్పుడు ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. గాలి అలలను లేపడానికి అక్కడ జాగా ఉండదు, వెనకాల కొండలు కొంత అడ్డు. చూడ్డానికి ఇంతకంటే మంచి రోజు లేదనిపిస్తుంది. కొన్ని వందల మీటర్లు లోపలికి వెళ్లాక కొండల చాటు పోయి గాలి వీపున తగులుతుంది. వెళ్లడం సులువు, తిరిగి రావడమే కష్టం. అలసిపోయి తెడ్డు ఆపిన ప్రతి నిమిషం పడవ ఇంకాస్త లోపలికి పోతూనే ఉంటుంది. సముద్రం వైపు నుంచి వీచే గాలి అలలు లేపి భయపెడుతుంది గానీ, చివరికి ఒడ్డుకే తోస్తుంది.

అందుకే సముద్రంలో వేగం కంటే ముందు దిక్కు చూడాలి. మన భాషలో ఇది సులువే. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేదని అందరికీ తెలుసు. వాతావరణ నివేదికలూ అలాగే చెబుతాయి. యాప్‌లోని బాణం గుర్తు మాత్రం చాలాసార్లు గాలి ఎటు పోతోందో చూపిస్తుంది. అక్కడ తికమక పడొద్దు.

సముద్రం సంగతి చెప్పే సంస్థ సముద్రం లేని హైదరాబాద్‌లోనే ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ దేశంలోని తీరమంతటికీ గాలి, అలల ఎత్తు, ప్రవాహాల అంచనాలు ఇస్తుంది. చిన్న పడవలు తిరగబడే ముప్పు ఎక్కడుందో ముందే చెప్పే ప్రత్యేక సేవ కూడా దానికి ఉంది. అది మత్స్యకారుల కోసం పెట్టినదే అయినా, సరదాకు వెళ్లేవారూ చూడొచ్చు.

మరి ఎప్పుడు ఏం చూడాలి?

- రెండు రోజుల ముందు: మోడల్ అంచనా. ఏ రోజు, ఏ పూట అన్నది తేల్చుకోవడానికి. మామూలు రోజుల్లో తెల్లవారి నుంచి 9 గంటల వరకు గాలి తక్కువ, మధ్యాహ్నం తర్వాత ఎక్కువ. కయాక్‌కు పొద్దున్నే మేలు.
- ఇంట్లో బయల్దేరే ముందు: నౌకాస్ట్, రాడార్.
- ఒడ్డున: దగ్గర్లోని రెండు కేంద్రాల రీడింగ్‌లు. గాలి వచ్చే వైపున్న కేంద్రం చూస్తే కాసేపట్లో మీ దగ్గరికి రాబోయేది తెలుస్తుంది. గంట కిందటి రీడింగ్‌తో పోల్చి, పెరుగుతోందా తగ్గుతోందా చూడండి.
- నీళ్ల మీద: మీ కళ్లు. అలల తలల మీద తెల్లటి నురగ అక్కడక్కడా కనిపిస్తే గాలి 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉన్నట్టు. తరచూ కనిపిస్తే 20 దాటినట్టు.
- వెళ్లేటప్పుడు: ముందు గాలికి ఎదురు వెళ్లండి. అలసిపోయాక గాలివాటుగా తిరిగి రావొచ్చు.

లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అంకెలన్నీ బాగున్నా అది ఒంటి మీద ఉండాల్సిందే.

ఇదంతా జనమే చూసుకోవాలా?

నిజానికి కాదు. బోటింగ్ టికెట్ కొన్న మనిషి మెటార్ చదవాలనడం న్యాయం కాదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో బోటింగ్ పాయింట్ల కోసం 9 కంట్రోల్ రూమ్‌లు ప్రారంభించింది. వరద, గాలి హెచ్చరికలు వస్తే బోట్లు ఆపాలన్న ఆలోచన మంచిదే.

అయితే ముందే చెప్పుకున్నట్టు హెచ్చరికలు మొదలయ్యే చోటికీ చిన్న పడవకు ముప్పు మొదలయ్యే చోటికీ దూరం ఉంది. దాన్ని తగ్గించడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ప్రతి జెట్టీ దగ్గర నీటి వైపు, అడ్డు లేని చోట ఒక గాలి కొలిచే పరికరం. దాని రీడింగ్, గస్ట్‌తో సహా, టికెట్ కౌంటర్ దగ్గర అందరికీ కనిపించే బోర్డు. ఏ రకం పడవ ఏ వేగం దగ్గర ఆపాలో పక్కనే రాసి ఉన్న పట్టిక. ఆ అంకె దాటితే ఆదివారమైనా, క్యూ ఎంత ఉన్నా కౌంటర్ మూయాలి. అప్పుడు నిర్ణయం నిర్వాహకుడి మొహమాటం మీద, యాత్రికుల ఒత్తిడి మీద ఆధారపడదు.

అది వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. టికెట్ కొనే ముందు కౌంటర్‌లో అడగండి. ‘ఇప్పుడు గాలి ఎంత? గస్ట్ ఎంత? ఎంత దాటితే ఆపుతారు?’ సమాధానం అంకెల్లో వస్తే ఎక్కండి. ‘ఏం కాదు సార్, రోజూ తిప్పుతున్నాం’ అని వస్తే ఒడ్డున కూర్చుని ఇంకో టీ తాగండి.